ఇంగ్లిష్ గులాబీ మన చల్కలో బతుకుతదా?



పోయిన నెల ఘన జీవామృతం వీడియో పెట్టినప్పుడు, మా బావి గడ్డ మీద పూసిన ముద్ద గులాబీ ఓ అర నిమిషం కనబడింది. అంతే, ఘన జీవామృతం సంగతి ఒక్కరూ అడగలేదు. ఫోన్లన్నీ ఆ పువ్వు గురించే. "తమ్మీ, ఆ నిండు రేకుల గులాబీ యాడ తెచ్చినవ్? ఎకరం పెడితే ఎట్లుంటది?" అని సూర్యాపేట నుంచి, కొల్లాపూర్ నుంచి, ఆఖరికి అనంతపురం నుంచి కూడా అడిగారు. ఒక్కొక్కరికి చెప్పేకన్నా రాసి పెడదామని కూర్చున్నాను.

వీడియోలో మీరు చూసినవి నాలుగు మొక్కలు. నేను డబ్బులు పెట్టి కొన్నవి నలభై. ఆ నాలుగు, ఈ నలభైలోవి కావు. కొన్న నలభైలో ఇవ్వాళ రెండే ఉన్నాయి, అవి కూడా మా చేన్లో లేవు, జడ్చర్ల దగ్గర మా అత్తగారింట్లో ఉన్నాయి. ముందు ఈ లెక్క వినండి, తర్వాత ఎకరం సంగతి మాట్లాడుకుందాం.

మాది దేవరకొండ వైపు. ఎర్ర చల్క, బోరు కింద నాలుగెకరాలు. పాలెంలో వ్యవసాయ డిప్లొమా చేసి, కొన్నాళ్లు విత్తనాల షాపులో పనిచేసి, మళ్లీ ఊరికే వచ్చాను. కంది, వేరుశనగతోపాటు పది గుంటల్లో నాటు గులాబీ, బంతి వేసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపేవాళ్లం. 2021లో హైదరాబాద్‌లో పెళ్లి డెకరేషన్లు చేసే ఒకాయన పరిచయమయ్యాడు. "డచ్ గులాబీ అందరి దగ్గర ఉంది, ఇంగ్లిష్ గార్డెన్ రోజ్ కావాలె, నువ్వు పండించు, నేను కొంటా" అన్నాడు. పదిహేను వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చాడు. మా ఇంటామె చిట్టీ ఎత్తిన డబ్బులు కలిపి, ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ నుంచి ఒక్కోటి 650 రూపాయల లెక్కన నలభై అంట్లు తెప్పించాను. మొక్కలకే 26 వేలు. రెండు మొక్కలు మా అత్తమ్మకు ఇచ్చి, ముప్పై ఎనిమిది మా చేన్లో పెట్టాను. అక్టోబర్‌లో నాటితే డిసెంబర్‌లో పూలు వచ్చాయి. కప్పు నిండా రేకులు, పండు లాంటి వాసన. ఫోటోలు తీసి ఊరంతా చూపించాను. ఇంక మనకు తిరుగు లేదనుకున్నాను.

ఫిబ్రవరిలో నేను చేసిన పని ఏమిటంటే, ఇంగ్లండ్ వాళ్ల వీడియో ఒకటి చూసి, వాళ్లు చెప్పినట్టే మొక్కను మూడో వంతుకు కత్తిరించేశాను. అక్కడ చలికాలం చివరన మొక్క నిద్రలో ఉంటది, అప్పుడు కోస్తారు, వసంతంలో చిగురిస్తది, వాళ్ల ఎండాకాలమంతా పూస్తది. మన దగ్గర ఫిబ్రవరిలో కోస్తే లేత చిగురు వచ్చేది మార్చి ఎండలోకి. ఏప్రిల్‌కు కొమ్మ మీద నీడనిచ్చే ఆకు లేదు, ఎండ నేరుగా బెరడు మీద పడి కొమ్మలు ఒక పక్క నల్లగా మాడాయి. అక్కడి నుంచి ఎండు తెగులు పై నుంచి కిందికి దిగుడు మొదలుపెట్టింది. రోహిణి కార్తె దాటేసరికి ముప్పై ఎనిమిదిలో తొమ్మిది మిగిలాయి. అడ్వాన్స్ వాపసు ఇచ్చేశాను. చిట్టీ డబ్బుల సంగతి ఇంట్లో ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తూనే ఉంటది.

తప్పు మొత్తం కత్తెరదే అనుకున్నాను మొదట. కాదు. రకం దగ్గర నుంచే తప్పు ఉంది.

అసలు ఇంగ్లిష్ గులాబీ అంటే ఏందో చూద్దాం. ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ అనే జిల్లాలో డేవిడ్ ఆస్టిన్ అనే రైతు బిడ్డ ఉండేవాడు. పాతకాలపు యూరప్ గులాబీల నిండు రూపం, వాసన ఆయనకు ఇష్టం. కానీ అవి ఏడాదికి ఒక్కసారే పూస్తాయి. కొత్త హైబ్రిడ్ గులాబీలు ఏడాదంతా పూస్తాయి, వాసన తక్కువ. రెండిటినీ కలపాలని పట్టుబట్టాడు. 1961లో 'కాన్‌స్టాన్స్ స్ప్రై' అనే మొదటి రకం వచ్చింది, అదీ ఏడాదికి ఒక్కసారి పూసేదే. 1983లో 'గ్రాహం థామస్' అనే పసుపు గులాబీ వచ్చాక ప్రపంచమంతా ఆయన పేరు తెలిసింది. 2018లో చనిపోయాడు. నేను చెప్పేదేందంటే, ఆ మనిషి తన జీవితమంతా మొక్కలను ఏరుకున్నది చల్లటి, మబ్బు పట్టిన, వాన తుంపర పడే ఊర్లో. అక్కడ బాగా నిలబడ్డ మొక్కనే ఉంచాడు. మే నెలలో నల్లగొండ ఎండలో నిలబడాలనే పరీక్ష వాటికి ఎవరూ పెట్టలేదు.

వేడి ఎక్కువైతే గులాబీ మొగ్గ తొందరపడతది. చలిలో మెల్లగా ఎదిగే మొగ్గకు రేకులు ఎక్కువ వస్తాయి, రంగు ముదురుతది. 35 డిగ్రీలు దాటితే అదే కొమ్మకు వచ్చే పువ్వు సగం సైజు, రేకులు తక్కువ, పొద్దున విచ్చి సాయంత్రానికి రాలిపోతది. పైగా ఈ రకాలు వెచ్చటి చోట పువ్వు మానేసి కొమ్మ పెంచుతాయి. ఇంగ్లండ్‌లో నడుము ఎత్తు అని రాసిన మొక్క మా దగ్గర ఏడడుగులు పోయింది, చివరన ఒక్క పువ్వు.

ఇంటర్నెట్‌లో మనం చూసే మన దేశపు ఫోటోలు ఎక్కువగా బెంగళూరు, ఊటీ, కొడైకెనాల్‌వి. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, రాత్రి చల్లబడతది. అక్కడ ఈ గులాబీలు బాగుంటాయి, అబద్ధం కాదు. మన వైపు లంబసింగి, అరకులో పెట్టినా బాగుంటాయని నా నమ్మకం. దేవరకొండలో ఏప్రిల్, మే రాత్రులు కూడా గోడలు వేడిగానే ఉంటాయి కదా, మొక్కకు ఊపిరి ఎప్పుడు?

మా బావ ఒకాయన అమెరికాలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. వాళ్లింటి ముందు గులాబీలు ఉన్నాయి. వాళ్లకూ మనలాగే ఎండ, సున్నం ఎక్కువున్న నల్ల నేల. ఫోన్‌లో అడిగితే ఒక మాట చెప్పాడు, అది నాకు కండ్లు తెరిపించింది. "ట్యాగ్ మీద రాసే జోన్ నంబర్ చలి లెక్క బావా, మొక్క ఎంత చలికి చస్తదో చెప్తది, ఎంత ఎండకు చస్తదో చెప్పదు" అన్నాడు. నిజమే. మన దగ్గర చలికి చచ్చే గులాబీ లేదు. నేను మొక్కలు కొన్నప్పుడు ఆ పేజీలో జోన్ నంబర్ చూసి, మనకు సరిపోతదిలే అనుకున్నాను. ఆ టెక్సాస్‌లో వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు ఎర్త్‌కైండ్ పేరుతో మందు కొట్టకుండా, పెద్దగా పోషించకుండా బతికే గులాబీలను పరీక్షించి ఏరి పెట్టారట. అందులో 'బెలిండాస్ డ్రీమ్' అనే రకం అచ్చం ఇంగ్లిష్ గులాబీ లెక్కనే ఉంటది, పుట్టింది మాత్రం టెక్సాస్ ఎండలోనే. రూపం ఇంగ్లిష్‌ది కావచ్చు, పుట్టుక వేడి చోటిదై ఉండాలి. అసలు కిటుకు అక్కడుంది.

మనకూ అలా పనిచేసినాయన ఉన్నారు, మనవాళ్లకే సరిగా తెలియదు. ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా చేసి, ఉద్యోగం ముందుగానే వదిలి, భార్య గిరిజ గారితో కొడైకెనాల్‌లో స్థిరపడి గులాబీ రకాలు తయారుచేశారు. వేడి దేశాలకు వేడి చోట పుట్టిన గులాబీ రక్తమే కావాలన్నది వాళ్ల పట్టు. మణిపూర్ కొండల్లో దొరికే రోజా జైగాంటియా, బెంగాల్, బీహార్ వరద నేలల్లో పెరిగే రోజా క్లైనోఫిల్లా, ఈ రెండు అడవి గులాబీలతో సంకరాలు చేశారు. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు మీద ఒక గులాబీ కూడా ఉంది వాళ్లది. ఈ రకాలు మన నర్సరీల్లో సులువుగా దొరకవు. దొరికితే మాత్రం వదలొద్దు.

ఇక మా ఇంటి సంగతి. మా నాయనమ్మ జాలారు పక్కన ఎప్పుడో నాటిన గులాబీ ఒకటి ఉంది. లేత గులాబీ రంగు, ముద్ద పువ్వు, మస్తు వాసన. గిన్నెలు తోమిన నీళ్లు తాగి బతికింది. నా ముప్పై ఎనిమిది మొక్కలు మాడుతున్న మే నెలలో అది పచ్చగా ఉంది. మా అమ్మ ఏమీ అనలేదు, ఒక రోజు ఆ చెట్టు పువ్వు ఒకటి కోసి నా ఫోన్ పక్కన పెట్టి పోయింది. పాలెంలో మాకు పాఠం చెప్పిన సారుకు దాని ఫోటో పంపితే, "ఇది ఎడ్వర్డ్ గులాబీరా, నర్సరీల్లో దీని మీదనే అంట్లు కడతారు" అన్నారు.

తర్వాత దాని చరిత్ర చదివితే నాకే నవ్వొచ్చింది. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే దీవి ఉంది, అప్పట్లో బోర్బన్ దీవి అనేవారు. అక్కడి రైతులు పొలాల చుట్టూ కంచెకు రెండు రకాల గులాబీలు కలిపి పెట్టేవారు, ఒకటి డమాస్క్, ఒకటి చైనా గులాబీ. వాటికవే కలిసి పుట్టిందే ఈ రోజ్ ఎడ్వార్డ్. 1820 ప్రాంతంలో దాని విత్తనాలు ఫ్రాన్స్ చేరాయి, అక్కడ బోర్బన్ గులాబీలనే పెద్ద వంశమే తయారైంది. డేవిడ్ ఆస్టిన్ మళ్లీ తేవాలనుకున్న పాత గులాబీల్లో ఆ వంశం కూడా ఉంది. అంటే నేను 650 పెట్టి ఇంగ్లండ్ పేరు మీద కొన్న పువ్వు తాతమ్మ, ఓ రైతు కంచెలో పుట్టి, మా జాలారు పక్కన కూర్చుని ఉంది.

2023 జనవరిలో, మిగిలిన తొమ్మిది మొక్కల నుంచి కండ్లు తీసి నాయనమ్మ గులాబీ కొమ్మలతో పెంచిన ఇరవై మొక్కల మీద టీ ఆకారంలో కోసి అంటు కట్టాను. పదకొండు పట్టాయి, ఇప్పుడు ఎనిమిది ఉన్నాయి. వీడియోలో మీరు చూసిన నాలుగు వాటిలోవే. ఆ తొమ్మిది తల్లి మొక్కలు రెండో ఎండాకాలంలో పోయాయి. పువ్వు అదే, నేల అదే, నీళ్లు అవే. మారింది వేరు. నాకు వచ్చిన అంట్లు ఏ వేరు మీద కట్టారో అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. చలి దేశాల్లో, పుల్ల నేలల్లో వాడే మల్టీఫ్లోరా వేరు సున్నపు నేలలో, ఉప్పు నీళ్లలో ఆకు పసుపెక్కి నీరసపడతది. మొక్క కొనేటప్పుడు పువ్వు పేరు తర్వాత అడగండి. "ఏ రూట్‌స్టాక్ మీద కట్టినవ్ అన్నా?" అని ముందు అడగండి. జవాబు రాకపోతే పైసలు జేబులోనే ఉంచుకోండి. రకాల విషయానికొస్తే, నిలిచినవి చీటీల ప్రకారం 'అబ్రహాం డార్బీ', 'గ్రాహం థామస్'. చీటీని నేను పూర్తిగా నమ్మను, కానీ 'అబ్రహాం డార్బీ' తల్లిదండ్రులు రెండూ కొత్తకాలపు గులాబీలే అని తెలిశాక ఎందుకు తట్టుకుందో కొంచెం అర్థమైంది.

నీళ్ల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన రెండు జిల్లాల్లో గులాబీని చంపేది ఎండకన్నా బోరే. మా చల్క నేల మామూలుగా మంచిదే, నీరు నిలవదు, వేరుకు గాలి ఆడతది. కానీ ఏళ్ల తరబడి సున్నం, ఉప్పు ఉన్న బోరు నీళ్లు డ్రిప్‌లో పోసి పోసి, డ్రిప్పర్ చుట్టూ తెల్లగా పొడి పేరుకుంటది చూడండి, అదే వేరు దగ్గరా జరుగుతది. లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా కనబడితే నేలలో ఇనుము లేదని కాదు, సున్నం దాన్ని అందనివ్వడం లేదని. ఆకు అంచులు మాడితే ఉప్పు. నీటి పరీక్ష చేయించండి. ఈసీ 1 లోపల ఉంటే హాయిగా పెట్టండి, 1 దాటితే వాన నీళ్లు కలపాల్సిందే, 2 దాటితే గులాబీ మాట మర్చిపోండి, ఇది నా లెక్క. జడ్చర్లలో ఆ రెండు మొక్కలు ఎందుకు బతికాయనుకున్నారు? పాలమూరు మాకన్నా కాస్త ఎత్తులో, కాస్త చల్లగా ఉండడం ఒకటి. అంతకన్నా ముఖ్యం, మామ వాటిని ఇంటికి తూర్పు పక్క గోడ నీడన పెట్టాడు, మోట బావి తీపి నీళ్లు పోశాడు. నేను చదివి చేసినది ఆయన చదవకుండానే చేశాడు. నేను ఇప్పుడు నీటి కుంటలో వాన నీళ్లు పట్టి, మార్చి నుంచి జూన్ దాకా గులాబీలకు అవే ఇస్తున్నాను.

పొయ్యి బూడిద, గుడ్డు పెంకులు, సున్నం తేట గులాబీకి వేయమని చాలా మంది చెప్తారు. బోరు కింద ఉన్నవాళ్లు వేయకండి. మంట మీద పెట్రోలు పోసినట్టే.

నాటేటప్పుడు ఇంకో తేడా. ఇంగ్లిష్ పుస్తకాల్లో అంటు కట్టిన ముడిని రెండంగుళాలు మట్టిలో కప్పమంటారు, మంచు కొరకకుండా. మనకు మంచు లేదు, చెదలు ఉన్నాయి. ముడి నేలకు రెండు మూడంగుళాల పైన ఉండాలి. గుంతలో మాగిన పెంట ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి, ఘన జీవామృతం కలిపి పది రోజులు ఆగి నాటండి. మొక్క పడమర వైపు మునగో, అవిశో వరుసగా వేస్తే మధ్యాహ్నం మూడు నుంచి నీడ పడతది. "రోజంతా ఎండ కావాలి" అని వాళ్లు రాస్తే అది వాళ్ల ఎండ. మనకు పొద్దున పూట ఎండ చాలు. ఏప్రిల్, మేలో పైన జొన్న చొప్ప పందిరో, సగం నీడనిచ్చే గ్రీన్ నెట్టో వేస్తాను. ఆచ్ఛాదనకు వరి గడ్డికన్నా వేరుశనగ పొట్టు నాకు బాగా పనిచేసింది. మొదలుకు ఆనించొద్దు, ఒక బెత్తెడు దూరం వదలండి.

కత్తిరింపు ఒక్కటే, వానలు తగ్గినాక చిత్త కార్తె, స్వాతి కార్తెల మధ్య. అంటే అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ మొదటి వారం లోపల. అప్పటి నుంచి 45, 50 రోజులకు పువ్వు. చలికాలం మొత్తం పూస్తది. ఫిబ్రవరి తర్వాత కత్తెర ఎండిన పుల్లకు, వాడిన పువ్వుకు మాత్రమే. ఎండాకాలంలో మొగ్గ వస్తే చిదిమేస్తాను, మొక్క అలసట తగ్గతది. అది దాని నిద్ర కాలం అనుకోండి. ఇంగ్లండ్‌లో మంచుకు నిద్రపోతది, మన దగ్గర ఎండకు.

జీవామృతం పదిహేను రోజులకోసారి, నేల తడిగా ఉన్నప్పుడే. బూడిద తెగులుకు చలికాలంలో పుల్ల మజ్జిగ, తామర పురుగుకు నీమాస్త్రం, ఎర్ర నల్లికి పొద్దున్నే ఆకు అడుగున నీళ్ల జల్లు. తొలకరికి పెంకు పురుగులు సాయంత్రం వచ్చి ఆకు తింటాయి, లైటు పెట్టి ఏరేస్తాం. ఎండు తెగులు కనబడితే ఆకుపచ్చ కట్టె వచ్చేదాకా రెండంగుళాలు కిందికి కోసి, పేడ, పసుపు ముద్ద పూస్తాను. ఇవన్నీ ఇదివరకు వీడియోల్లో చూపించినవే కాబట్టి ఎక్కువ రాయను.

ఇప్పుడు ఎకరం సంగతి. వద్దు. సూటిగా చెప్తున్నా. ఇంగ్లిష్ గులాబీ రేకు మెత్తన, కోసిన రెండో రోజుకే రాలతది, బస్సులో గుడిమల్కాపూర్ దాకా పోయేసరికి పెట్టెలో రేకులే మిగులుతాయి. చల్లటి గది, చల్లటి బండి ఉన్నవాళ్ల వ్యాపారం అది. ఇంటి ముందు, బావి గడ్డ మీద, చూసుకోవడానికి నాలుగో ఐదో మొక్కలు పెట్టుకోండి. డబ్బు కోసమైతే ఎడ్వర్డ్, లేదా 'గ్రూస్ ఆన్ టెప్లిట్జ్' అనే ఎర్ర వాసన గులాబీ పెట్టండి. అది 1897లో వచ్చిన రకం, చైనా గులాబీ రక్తం ఉంది, ఎండకు పెద్దగా బెదరదు.

నాకు ఈ పది గుంటల నుంచి పైసలు వస్తున్నది పువ్వు అమ్మకంతో కాదు, గుల్కంద్‌తో. మార్కెట్ గులాబీ మీద ఎన్ని మందులు పడతాయో పూల రైతులకు తెలుసు, దాన్ని తినలేం. మందు పడని నాటు గులాబీ రేకులు, పటిక బెల్లం పొడి సమానంగా జాడీలో పొరలు పొరలుగా వేసి, మూతి గుడ్డ కట్టి మూడు నాలుగు వారాలు ఎండలో పెడతాం. ఇక్కడ మాత్రం నల్లగొండ ఎండ మనకు పనికొస్తది. పొద్దు పొడవక ముందే కోయాలి, ఎండెక్కితే వాసన పోతది. అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోండి, చిన్న వాళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు.

ఆ ఎనిమిది మొక్కల నుంచి అంట్లు అమ్ముతావా అని కూడా అడుగుతున్నారు. అమ్మను. కొత్త రకాలకు తయారుచేసిన వాళ్ల హక్కులు ఉంటాయి, నా చీటీల మీద నాకే నమ్మకం లేదు. నాటు గులాబీ కొమ్మలైతే ఎవరొచ్చినా ఇస్తాను, పైసలు వద్దు. పెన్సిల్ మందం కొమ్మలు, జానెడు పొడుగు, వానాకాలంలో వస్తే బాగా పట్టుకుంటాయి.

చిత్త కార్తెకు మళ్లీ కత్తెర పడతాం. ఈసారి కోత మొత్తం వీడియో తీస్తాను, ఎక్కడ కోయాలో దగ్గరగా చూపిస్తాను. మా ఇంటామె మిగిలిన ఎనిమిదిలో ఒకదాన్ని తీసి జాలారు పక్కన నాయనమ్మ గులాబీ పక్కనే పెట్టింది, గిన్నెల నీళ్లు దానికీ పోస్తుంది. సబ్బు నీళ్లు వద్దే అంటే వినడం లేదు. డిసెంబర్‌లో అది ఎట్లుందో కూడా చూపిస్తా.